తారస్థాయి గాంధారానికి దారి పంచమం దగ్గరే మొదలవుతుంది

ప్రశ్న: నాకు 34 ఏళ్ళు. చిన్నప్పుడు వర్ణాల దాకా కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను. పెళ్ళి తరువాత ఆగిపోయి, రెండేళ్ళ కిందట మళ్ళీ మొదలుపెట్టాను. ఐదున్నర శ్రుతికి పాడతాను. మధ్యస్థాయి బాగానే ఉంటుంది. తారషడ్జం గట్టిగా పాడితే అందుతుంది. మోహన వర్ణంలో తారస్థాయి గాంధారం దగ్గరికి వచ్చేసరికి మాత్రం గొంతు పగిలిపోతుంది, లేకపోతే ఒక్కసారిగా సన్నబడిపోయి వేరెవరో పాడుతున్నట్లు వినిపిస్తుంది. ‘గొంతు విప్పి, నాభి నుంచి పాడు’ అంటారు మా టీచరు గారు. అలా పాడిన మర్నాడు గొంతు నొప్పి, బొంగురు. సన్నగా పాడితే దొంగగొంతు అంటారు. శ్రుతి తగ్గించుకోవాలా? ఈ వయసులో తారస్థాయి వస్తుందా? తేనె, మిరియాలు, కరక్కాయ పనిచేస్తాయా? మూడు నెలల్లో సర్టిఫికెట్ పరీక్ష ఉంది.
— ఒక పాఠకురాలు, కాకినాడ

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో ‘మధ్యస్థాయి బాగానే ఉంటుంది’ అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. నా అనుమానమంతా అక్కడే ఉంది. తారస్థాయి (పై స్థాయి) గాంధారం, అంటే పై ‘గ’, దగ్గర బయటపడుతున్న ఇబ్బంది అక్కడ పుట్టినది కాదు. మధ్యస్థాయి పంచమ ధైవతాల (ప, ద) దగ్గర మీరు గొంతు మీద ఎంత బరువు పెట్టి పాడుతున్నారో అంత బరువునూ దించకుండా పైకి మోసుకుపోతున్నారు. తారషడ్జం వరకు ఆ బరువును బలంతో నెట్టగలుగుతున్నారు, గాంధారం దగ్గర బలం చాలక గొంతు చేతులెత్తేస్తోంది. అందువల్ల గాంధారాన్ని పదిసార్లు, ఇరవైసార్లు పట్టిపట్టి సాధన చేయడం వల్ల మీకు మేలు జరగదు. సరిచేసుకోవలసింది పంచమాన్ని.

ఇది నోటిమాటగా చెబితే నమ్మకం కలగదు కనుక లెక్క చూపిస్తాను. శ్రుతి అంటే పాటకు ఆధారంగా పెట్టుకునే షడ్జం (స) ఎత్తు. ఐదున్నర శ్రుతిలో మీ మధ్యస్థాయి షడ్జం సెకనుకు సుమారు 208 కంపనాలు. పంచమం సుమారు 311, తారషడ్జం 415, మోహన రాగంలో వచ్చే తారస్థాయి అంతర గాంధారం 520, తారపంచమం 623. మామూలుగా మాట్లాడే గొంతుతో, అంటే స్వరతంత్రులు మందంగా దగ్గరికి చేరి కొట్టుకునే పద్ధతిలో, హాయిగా పాడగలిగే హద్దు ఆడవారిలోనైనా మగవారిలోనైనా దాదాపు 300, 350 కంపనాల మధ్య ముగుస్తుంది. అక్కడి నుంచి గొంతు తన పద్ధతి మార్చుకోవాలని చూస్తుంది. ఆ చోటు మీ శ్రుతిలో సరిగ్గా పంచమానికీ చతుశ్రుతి ధైవతానికీ మధ్య పడుతోంది. మార్పు అక్కడ జరగవలసి ఉండగా మీరు దానిని జరగనివ్వకుండా ఇంకా ఐదారు మెట్లు పైకి పాత పద్ధతిలోనే లాక్కుపోతున్నారు. 520 దగ్గరికి వచ్చేసరికి కండరం ఇక నిలవలేక ఒక్కసారిగా వదిలేస్తుంది. గొంతు ‘పగిలింది’ అని మీరంటున్నది ఆ వదిలేయడాన్నే. ఒకటి శ్రుతికి పాడే మగవారికి ఇదే మలుపు తారస్థాయి గాంధార మధ్యమాల దగ్గర వస్తుంది. అందుకే వారి అవస్థ, మీ అవస్థ పైకి ఒకేలా కనిపించినా స్వరం మాత్రం వేరు. ఆడపిల్లలకు మగ గురువులు, మగపిల్లలకు స్త్రీ గురువులు పాఠం చెప్పేటప్పుడు ఈ తేడాను గుర్తుపెట్టుకోవడం చాలా అవసరమని నేను గట్టిగా నమ్ముతాను.

స్వరతంత్రులు అని పేరేగాని అవి తీగలు కావు. స్వరపేటికలో ఎదురెదురుగా ఉండే రెండు మెత్తటి మడతలవి. తారషడ్జం పాడుతున్నప్పుడు అవి సెకనుకు 415 సార్లు తెరుచుకొని మూసుకుంటాయి. ఆ మడతల లోపలే ఉండే కండరం వాటిని పొట్టిగా, మందంగా చేస్తుంది. స్వరపేటిక ముందు భాగంలో ఉండే మరో కండరం మృదులాస్థిని వంచి వాటిని సాగదీసి పలచన చేస్తుంది. కింది స్వరాలకు మొదటిదానిది పైచేయి, పై స్వరాలకు రెండోదానిది. మధ్యలో ఒకటి మెల్లగా తగ్గుతూ రెండోది మెల్లగా పెరగాలి. ఈ ఇచ్చిపుచ్చుకోవడం సాఫీగా జరిగితే వినేవారికి గొంతు మారినట్లే తెలియదు. జరగకపోతే మీరు రాసినట్లు ‘వేరెవరో’ పాడుతున్నట్లు ఉంటుంది.

వీణ వాయించేవారిని దగ్గరగా కూర్చుని ఒకసారి గమనించండి. అనుమంద్రం తీగ మీద మొదలైన సంచారం మంద్రం మీదికి, పంచమం మీదికి, చివరికి సారణి మీదికి వస్తుంది. మందపు తీగ మీదనే తారస్థాయి దాకా పోదామని ఏ వైణికుడూ పట్టుపట్టడు. తీగ మారిన చోట మీటు బరువును కాస్త తగ్గించి, నాదం తేడా తెలియకుండా కలిపేస్తాడు. మీ కంఠంలోనూ జరగవలసింది అదే. కాకపోతే వీణ మీద తీగ మారడం కంటికి కనిపిస్తుంది, గొంతులో అది ఒంటికి మాత్రమే తెలుస్తుంది.

మన పెద్దలకు ఇది తెలియనిది కాదు. 13వ శతాబ్దంలో దేవగిరి యాదవుల కొలువులో ఉన్న శార్ఙ్గదేవుడు సంగీత రత్నాకరంలో మంద్రానికి (కింది స్థాయికి) హృదయాన్నీ, మధ్యానికి కంఠాన్నీ, తారానికి మూర్ధాన్నీ (తలనూ) స్థానాలుగా చెప్పి, ఒక్కొక్కటి ముందుదానికి రెండింతలని కూడా చెప్పాడు. 208 రెండింతలైతే 415 అవుతుందన్న నేటి లెక్క ఆ మాటకు దూరం కాదు. నాదం పుట్టేది ఎప్పుడూ స్వరపేటికలోనే. అయినా మంద్రం పాడేటప్పుడు అదురు ఎదురురొమ్ము మీద చేతికి తగులుతుంది, తారం సరిగా పలికినప్పుడు అది ముక్కు మొదట్లో, నుదుటి కింద, దవడ పైన తెలుస్తుంది. మీ తారషడ్జం పాడుతున్నప్పుడు ఎదురురొమ్ము మీద చేయి పెట్టి చూడండి. అదురు ఇంకా అక్కడే బలంగా ఉందంటే బరువు దిగలేదన్నమాట.

ఇక మీ టీచరు గారి మాట. ‘గొంతు విప్పి, నాభి నుంచి పాడు’ అన్నది తప్పు సలహా కాదు. అది సరిగా పాడినప్పుడు కలిగే అనుభవానికి పేరు. ఆ అనుభవానికి చేరే దారిని ఆ మాట చెప్పదు. అది విన్న విద్యార్థులు చాలామంది పొట్టను లోపలికి బిగించి, ఊపిరిని ఒక్కసారిగా పైకి తోసి, గడ్డం పైకెత్తి అరుస్తారు. పై స్వరానికి ఎక్కువ గాలి కావాలనుకోవడం పెద్ద పొరపాటు. పలచబడిన స్వరతంత్రులకు కావలసింది కొద్దిపాటి గాలి, అది కూడా ఒకే ఒరవడిలో. ఎక్కువ గాలి తోస్తే దానిని అడ్డుకోవడానికి గొంతు మరింత బిగుసుకుంటుంది, బిగుసుకున్న కొద్దీ మీరు మరింత తోస్తారు. మైకులు లేని రోజుల్లో పద్యనాటకాల వారు హెచ్చు శ్రుతిలో హార్మోనియం పెట్టుకొని చివరి వరుసలో కూర్చున్నవారికి కూడా వినిపించేలా పాడవలసి వచ్చేది. ఆ అవసరం పోయినా ‘పైకి వెళ్ళిన కొద్దీ గట్టిగా’ అన్న అలవాటు మన తరగతుల్లో మిగిలిపోయింది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారి కచేరీ రికార్డింగు ఏదైనా ఈ ఒక్క విషయం కోసమే వినండి. తారస్థాయిలోకి వెళ్ళినప్పుడు ఆయన గొంతు పెంచరు, చాలాచోట్ల తగ్గిస్తారు.

సాధన ఎలా చేయాలో ఇప్పుడు చెబుతాను. ఒక గాజు గ్లాసులో సగానికి నీళ్ళు పోసి, కొబ్బరిబోండానికి వేసే లాంటి స్ట్రాను నీళ్ళలో అంగుళం, అంగుళంన్నర మాత్రమే ముంచండి. పెదవులు స్ట్రా చుట్టూ మూసి, ముక్కులోంచి గాలి పోకుండా చూసుకొని, ‘ఊ’ అంటూ మధ్యస్థాయి షడ్జం పలకండి. నీళ్ళు బుడగలు కడతాయి. బుడగలు ఒకే తీరుగా, ఒకే చప్పుడుతో రావాలి. ఇప్పుడు అక్కడి నుంచి స్వరాలు విడివిడిగా కాకుండా జారుగా తారషడ్జం దాకా వెళ్ళి, జారుగా దిగండి. పంచమం దాటగానే బుడగలు ఒక్కసారిగా ఎగిసిపడితే మీరు గాలి తోస్తున్నారని అర్థం; బుడగలు ఆగిపోతే గొంతు బిగించారని అర్థం. నీటి ఒత్తిడి నోటిలో నిలిచి స్వరతంత్రులు ఒకదానినొకటి గట్టిగా కొట్టుకోకుండా కాపాడుతుంది. అందుకే గొంతు దెబ్బతిన్నవారికి స్పీచ్ థెరపిస్టులు కూడా ఇదే పని చెబుతారు. ఉదయం ఐదు నిమిషాలు, సాయంత్రం ఐదు నిమిషాలు చాలు. స్ట్రా దొరకని చోట, చిన్నపిల్లలు మోటారుబండి ఆట ఆడుతూ పెదవులు అదిరించి ‘బుర్ర్’మంటారే, అదే శబ్దంతో ఈ జారు చేయవచ్చు.

వారం తరువాత స్ట్రా తీసి, ఈసారి పై నుంచి మొదలుపెట్టండి. మనకు అలవాటు షడ్జం నుంచి ఎక్కడం. ఎక్కుతున్నప్పుడు కింది బరువు వెంట వస్తుంది. దిగుతున్నప్పుడు పైనున్న తేలికదనం వెంట వస్తుంది. తారషడ్జాన్ని ‘ఊ’ అని, పక్క గదిలో నిద్రపోతున్న పసిపాప లేవనంత మెల్లగా అందుకొని, ని ద ప మ అని దిగండి. ధైవత పంచమాల దగ్గర గొంతు ‘హమ్మయ్య’ అని పాత లావుతనంలోకి పడిపోవాలని చూస్తుంది. పడనివ్వకండి, మధ్యమం దాకా ఆ సన్నదనాన్నే తెచ్చి, అక్కడి నుంచి కొద్దికొద్దిగా నిండుదనం రానివ్వండి. మాయామాళవగౌళలో సరళీ వరుసలు మీకు కంఠస్థం కనుక వాటి అవరోహణలనే ఇందుకు వాడుకోండి. హెచ్చుస్థాయి వరుసలను మూడో వారం వరకు ముట్టుకోవద్దు.

అచ్చుల గురించి ఒక ముఖ్యమైన మాట. ‘ఇ’, ‘ఉ’ పలికేటప్పుడు నోటిలోని గాలి గది సహజంగా 300, 400 కంపనాల మధ్య మారుమోగుతుంది. మీ తారస్థాయి గాంధారం 520 కనుక సాహిత్యంలో ఇకారమో, ఉకారమో అక్కడ పడితే నోరు మూసుకుపోయినట్లు, స్వరం ఎక్కడో ఇరుక్కుపోయినట్లు అనిపిస్తుంది. తప్పు మీ గొంతుది కాదు, నోటి ఆకారానిది. అక్కడ దవడను వేలెడు కిందికి వదిలి, ‘ఇ’ని కొద్దిగా ‘ఎ’ వైపుకు, ‘ఉ’ని కొద్దిగా ‘ఒ’ వైపుకు తెరవండి. వినేవారికి అది ఇకారంగానే వినిపిస్తుంది. అయితే పెదవులు అడ్డంగా సాగదీసి నవ్వు ముఖంతో మాత్రం పాడకండి. అద్దం ముందు కూర్చుని చూసుకుంటే గడ్డం పైకి లేవడం, మెడ నరాలు ఉబ్బడం మీకే కనిపిస్తాయి. గుటక వేసేటప్పుడు పైకి కదిలే స్వరపేటిక మీద రెండు వేళ్ళు తేలికగా ఆనించండి. పై స్వరానికి అది గుటక వేసినట్లే పైకి పరుగెత్తితే అక్కడే ఆగి, మళ్ళీ పంచమానికి రండి. గమకం కూడా అప్పుడే వద్దు. గాంధారం ముందు తిన్నగా, కదలకుండా నిలబడాలి. నిలబడలేని స్వరాన్ని ఊపితే గమకం రాదు, శ్రుతి జారుతుంది.

దొంగగొంతు అన్న నింద మిమ్మల్ని బాధపెట్టిందని మీ ఉత్తరంలోనే తెలుస్తోంది. సన్నటి గొంతంతా దొంగగొంతు కాదమ్మా. తంత్రులు సరిగా మూసుకోక, గాలి చీరుకుంటూ వచ్చే బోలు శబ్దం మన సంప్రదాయం ఒప్పుకోనిది; అది ఒప్పుకోకపోవడం న్యాయమే. తంత్రులు పలచబడి, అంచులు మాత్రం చక్కగా కలిసి పలికే తేలిక నాదం వేరు. రెంటినీ వేరుచేసే పరీక్ష ఒకటి ఉంది. తారషడ్జాన్ని అతి మెల్లగా మొదలుపెట్టి, ఊపిరి ఆపకుండా మెల్లగా నిండుగా పెంచి, మళ్ళీ మెల్లగా తగ్గించండి. మధ్యలో ఎక్కడా తెగకుండా పెరిగి తగ్గితే అది మీ సొంత గొంతే. పెంచబోయిన చోట ఠక్కున మారిపోతే ఇంకా దారి కుదరలేదని అర్థం. ఈ సాధన మొదలుపెట్టిన తొలి వారాలలో మీ గొంతు మీకే పేలవంగా వినిపిస్తుంది. టీచరు గారికి ఇంకా పేలవంగా వినిపించవచ్చు. ఇది శాశ్వతం కాదనీ, నిండుదనం తరువాత వస్తుందనీ వారికి ముందే వినయంగా చెప్పి, నెల రోజుల గడువు అడగండి.

శ్రుతి తగ్గించుకోవచ్చునా అంటే, తప్పకుండా తగ్గించుకోవచ్చు. ఐదున్నర అన్నది శాసనం కాదు. పున్నాగవరాళి, నాదనామక్రియ వంటి రాగాలకు మధ్యమ శ్రుతి (మధ్యమాన్నే షడ్జంగా తీసుకోవడం) పెట్టుకునే సంప్రదాయమే శ్రుతి గానానికి అనుకూలంగా ఉండాలని చెబుతుంది. కానీ ఒక భ్రమ పెట్టుకోవద్దు. ఆ మలుపు మీ గొంతులో ఉంది, శ్రుతిపెట్టెలో లేదు. నాలుగున్నరకు దిగితే షడ్జం 185, పంచమం 277 అవుతాయి కనుక మలుపు ధైవత నిషాదాల మధ్యకు జరుగుతుంది, మాయం కాదు. పైగా మంద్రపంచమం 139కి పడిపోతుంది, అక్కడ గొంతు గరగరమంటే ఆ దిగువకు అర్థం లేదు. రెండు కొసలూ చూసుకోవాలి. ఒక నిశ్చింతైన సాయంత్రం మంద్రపంచమం స్పష్టంగా పలికే అతి తక్కువ శ్రుతి ఏదో చూసి, దాని పైన అరశ్రుతో, ఒక శ్రుతో పెట్టుకోండి. మీ విషయంలో అది ఐదు అవుతుందని నా ఊహ.

ఈ శ్రుతి పట్టింపు వల్ల నేనే నష్టపోయాను. చదువుకునే రోజుల్లో ముగ్గురం కలిసి పాడేవాళ్ళం. మిగిలిన ఇద్దరివీ హెచ్చు గొంతులు. నేర్పే వారు ముగ్గురికీ ఆరు శ్రుతి పెట్టారు. నాది కాదని చెప్పడానికి నాకు మొగమాటం. రెండు నెలలకు మాట కూడా బొంగురుపోయింది, డాక్టరు తంత్రుల మీద వాపు ఉందన్నారు, పరీక్ష సమయమంతా పలక మీద రాసి చూపిస్తూ గడిపాను. ఇరవై మంది పిల్లలను ఒకే శ్రుతికి కూర్చోబెట్టి పాడించే తరగతిని చూస్తే ఇప్పటికీ నా మనసు ఒప్పుకోదు.

తేనె, మిరియాలు, కరక్కాయ సంగతి. మింగినది ఏదైనా ఆహారనాళంలోకి పోతుంది, స్వరతంత్రులను తాకదు. తాకితే దగ్గు వస్తుంది. వాటివల్ల నోరు, గొంతు వెనుక భాగం ఊరట పొందుతాయి, అంతవరకు మంచిదే. తంత్రుల దాకా చేరేది ఆవిరి. రోజంతా కొద్దికొద్దిగా నీళ్ళు తాగడం, రాత్రి భోజనానికీ పడుకోవడానికీ మధ్య రెండు మూడు గంటలు వదలడం, గొంతు సవరించుకోవడానికి మాటిమాటికీ ఖళ్ళుమనకపోవడం వీటన్నిటికన్నా ఎక్కువ ఉపకారం చేస్తాయి. నిద్ర లేవగానే తంత్రులు కాస్త ఉబ్బి ఉంటాయి. తెల్లవారుజామున మంద్ర సాధకం చేయమన్న పెద్దల మాట అందుకే మంచిది, ఆ వేళ తారస్థాయి జోలికి వెళ్ళవద్దు. గొంతు నొప్పిని మాత్రం తేలికగా తీసుకోకండి. నొప్పి సాధనలో భాగం కాదు. బొంగురు మూడు వారాలు దాటినా, గొంతు తరచుగా పూర్తిగా పోతున్నా, మాట్లాడేటప్పుడు నొప్పి పుట్టినా చెవి, ముక్కు, గొంతు వైద్యులకు చూపించి తంత్రులను కెమెరాతో పరీక్ష చేయించుకోండి. అలవాటుగా అరచి పాడేవారిలో తంత్రుల మీద చిన్న కాయలు కట్టడం సాధారణమే. వాటికి మొదటి వైద్యం సాధారణంగా కత్తి కాదు, స్వర చికిత్సే.

వయసు గురించి భయపడవద్దు. 34 ఏళ్ళకు స్వరపేటిక చక్కగా పనిచేస్తుంది. మీకు అడ్డుగా ఉన్నది చిన్ననాటి నుంచి వచ్చిన అలవాటు. పరీక్ష మూడు నెలల్లో ఉంది కనుక మొదటి నెల మోహన వర్ణాన్ని పూర్తిగా పక్కన పెట్టండి. రెండో నెలలో దానిని మామూలు శ్రుతికన్నా ఒక శ్రుతి తగ్గించి, సగం గొంతుతో, స్వరాలు లేకుండా ‘ఊ’కారంతో పాడుకోండి. మూడో నెలలో సాహిత్యంతో, పరీక్షకు పెట్టుకునే శ్రుతికి రండి. అప్పటికీ ఆ గాంధారం సన్నగానే ఉంటే సన్నగానే, కానీ శ్రుతిలో నిలిపి పాడండి. తారస్థాయికి వెళ్ళే ముందు పంచమం దగ్గర సగం ఊపిరి మాత్రమే మిగిలి ఉండేలా చూసుకోండి. నిండా పీల్చి పైకి వెళ్ళినప్పుడే గొంతు తోపుకు లోనవుతుంది. మొదటి నెల గడిచాక ఆ పంచమం ఎలా ఉందో నాకు మళ్ళీ రాయండి.